ఒకరు తిప్పాలి, ఒకరు చూడాలి

ట్రాక్టరు స్టీరింగు గురించి మనకెందుకులే అని పేజీ తిప్పేయకండి. వంటల పేజీలో వున్న వంకాయ కారం ఎక్కడికీ పోదు, ఇది చదివాక చేసుకోవచ్చు. మీ ఇంట్లో పాత ట్రాక్టరు వున్నా, మీ ఆయనో మీ అబ్బాయో ఇంకొకరి బండి నడుపుతున్నా, పొద్దున్నే క్యారియరు కట్టుకుని కలుపుకో కాయకోతకో ట్రాలీ ఎక్కి వెళ్ళేది మీరే అయినా ఈ సంగతి మీకు కావలసిందే. పైగా ఇందులో సగం పని మనలాంటివాళ్ళు చేయగలిగిందే. ఎలాగో చెబుతాను.

మాది చిత్తూరు జిల్లా రామకుప్పం మండలం. మ్యాపులో చూస్తే రాష్ట్రానికి ఒక కొసన, కర్ణాటకకూ తమిళనాడుకూ మధ్యన ఇరుక్కుని కనిపిస్తుంది. మా మాటల్లో కన్నడం, అరవం కలిసిపోయి వుంటాయని దూరపు చుట్టాలు నవ్వుతుంటారు. పాలారు మా మీదుగానే పోతుంది గానీ ఏడాదిలో ఎక్కువ రోజులు అందులో కనిపించేది ఇసుకే. ఎర్రనేల, చెరువులు, బోర్లు. వీటి మీదే రాగి, చెనిక్కాయ, టమోటా, పట్టుపురుగుల కోసం మల్బరీ. టమోటా క్రేట్లు వి.కోటకు పోతాయి, ధర చూసుకుని ఒక్కోసారి మదనపల్లె దాకా పోతాయి. అందుకని మా వైపు ట్రాక్టరంటే దున్నే యంత్రం ఒక్కటే కాదు. ఎరువు తోలేదీ, నీళ్ళ ట్యాంకరు లాగేదీ, పెళ్ళికి సామాన్లు మోసేదీ, కూలికి వచ్చే ఆడవాళ్ళను ఇంటికి దించేదీ అదే.

మా బండి మా మామగారు సెకండ్ హ్యాండులో కొన్నది. నా పెళ్ళికి ముందు నుంచే ఆ ఇంట్లో వుంది కాబట్టి నాకంటే దానికే హక్కు ఎక్కువ అని మా అత్తగారు హాస్యమాడేవారు. కంపెనీ పేరు చెప్పను. తప్పు కంపెనీది కాదు, వయసుది. మన దేశంలో ట్రాక్టర్ల తయారీ 1959లో ఫరీదాబాదులో ఐషర్ వాళ్ళతో మొదలైంది, మరుసటి ఏడే మద్రాసులో టాఫే వచ్చింది, ఆ తర్వాత మహీంద్రా, 1971లో హెచ్.ఎం.టి. అలా ఒక్కొక్కరూ వచ్చారు. హెచ్.ఎం.టి. వాళ్ళు 2016లో ట్రాక్టర్ల తయారీ ఆపేసినా వాళ్ళ పాత బండ్లు పల్లెల్లో ఇంకా దున్నుతూనే వున్నాయి. ఇంజను బోరు చేయించుకుంటే మళ్ళీ కొత్త పెళ్ళికూతురిలా తయారవుతుంది. ముందు చక్రాల దగ్గర కీళ్ళను మాత్రం ఎవరూ పట్టించుకోరు. అవి చప్పుడు చేయవు, పొగ రావు. మెల్లమెల్లగా అరుగుతాయి, అంతే.

స్టీరింగు చక్రం తిప్పితే ముందు టైరు వెంటనే కదలాలి. కొద్దిగా ఖాళీ తిరుగుడు ఏ బండికైనా వుంటుంది, మెకానిక్కులు దాన్ని 'ప్లే' అంటారు, మా వూళ్ళో 'ఆట' అంటారు. చక్రం అంచు దగ్గర కొలిస్తే ఒకటి రెండు అంగుళాల దాకా ఫరవాలేదు, సరైన లెక్క బండితో ఇచ్చిన పుస్తకంలో వుంటుంది. మా బండిది ఒకప్పుడు అంతే వుండేదట. పోయినేడు వానాకాలం నాటికి అది జానెడయింది. ఎడమకు జానెడు తిప్పాకగానీ టైరు కదలదు, మళ్ళీ కుడికి తేవాలంటే ఇంకో జానెడు. పెద్ద రోడ్డు మీద బండి పాములాగా మెలికలు తిరుగుతూ పోతుంటే వెనక మోటారు సైకిళ్ళవాళ్ళు హారను కొట్టి తిట్టుకుంటూ పోయేవారు.

"నాకు అలవాటే, చెయ్యి దానంతట అదే పోతుంది" అనేవారు మా ఆయన. మీ ఇంట్లోనూ ఇదే మాట విని వుంటారు. నన్నడిగితే అసలు ప్రమాదం ఆ అలవాటే. పన్నెండేళ్ళుగా రోజూ నడిపే మనిషి చెయ్యి బండి వంకరకు తగ్గట్టు తనూ వంకరపోతుంది. బండి పాడైందన్న సంగతి ఆయనకు తెలియకుండా పోతుంది. కొత్తవాడు ఎక్కినప్పుడుగానీ బయటపడదు. మా ఇంట్లో కొత్తవాడంటే మా పెద్దబ్బాయి. డిగ్రీ చదువుతున్నాడు, సెలవులకు వచ్చి లైసెన్సు తీసుకున్నాడు. మా పొలానికి దారి చెరువు కట్ట మీదుగా. ఒక పక్క నీళ్ళు, ఇంకో పక్క రెండు నిలువుల లోతు, మధ్యన బండి పట్టేంత వెడల్పు. "అమ్మా, నేను తిప్పినప్పుడు అది తిరగదే, తిరిగినప్పుడు నేను అనుకున్నదానికంటే ఎక్కువ తిరుగుతాది" అని వాడు నాతో చెప్పాడు, వాళ్ళ నాన్నతో చెప్పటానికి మొహమాటపడి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

టౌను నుంచి ఒక మెకానిక్కును పిలిపించాం. వచ్చీ రాగానే స్టీరింగు పెట్టె మీద వున్న నట్టు వదులు చేసి, మరను బిగించి, "అయిపోయింది లేక్కా" అని డబ్బులు తీసుకుని పోయాడు. ఆట కొంచెం తగ్గినట్టే అనిపించింది. కానీ బాగా ఒక పక్కకు తిప్పితే చక్రం పట్టేసినట్టు బిగుసుకుపోయేది. పది రోజుల్లో జానెడు ఆట మళ్ళీ వచ్చేసింది, బిగువు మాత్రం అలాగే వుండిపోయింది. ఆయన మళ్ళీ వచ్చి మళ్ళీ అదే మర బిగించాడు. ఎక్కువమంది చేసేది ఇదే. ఎందుకు తప్పో చెబుతాను.

బండి ఎక్కువసేపు తిన్నగానే పోతుంది కదా. అందుకని పెట్టెలో పళ్ళు నడిమధ్యనే ఎక్కువ అరుగుతాయి, చివరలు కొత్తవాటిలాగే వుంటాయి. అరిగిన నడుమకు సరిపోయేట్టు బిగిస్తే అరగని చివర్లలో పట్టేస్తుంది. పాత జాకెట్టు నడుము దగ్గర వదులైందని కుట్టు బిగిస్తే చంకల దగ్గర పట్టేసినట్టన్నమాట. పైగా చాలా బండ్లలో ఆట మొదలయ్యేది పెట్టెలో కాదు. పెట్టె సంగతి అన్నిటికంటే చివర చూడాలి.

ముందు ఈ దారి ఎట్లా పోతుందో తెలుసుకోవాలి, ఏమంత కష్టం కాదు. మనం తిప్పే చక్రం కింద పెట్టెలో పళ్ళను తిప్పుతుంది. పెట్టె పక్కన వేలాడే ఇనుప చెయ్యి, డ్రాప్ ఆర్మ్ అంటారు, ముందుకూ వెనక్కూ వూగుతుంది. దాని కొసన ఒక పొడుగాటి కడ్డీ, అది డ్రాగ్ లింకు. కొన్ని బండ్లకు ఇటొకటి అటొకటి రెండు వుంటాయి. అది ముందు చక్రం దగ్గర వున్న ఇంకో చేతిని తోస్తుంది. ఆ చక్రాన్నీ అవతలి చక్రాన్నీ కలిపే అడ్డకడ్డీ టై రాడ్. ఈ కడ్డీల కొసలన్నిట్లో గిన్నెలో గుండులాగా ఒక కీలు వుంటుంది, అదే బాల్ జాయింట్. ఇక చక్రం తిరగటానికి నిలువుగా నిలబడ్డ కడ్డీ కింగ్ పిన్ను, అది తిరిగే గొట్టం బుష్షు. ముందు ఇరుసు మొత్తం గతుకుల్లో అటూ ఇటూ వూగటానికి మధ్యన సెంటర్ పిన్ను.

మా అత్తగారు ఇదంతా విని ఒక్క మాటలో తేల్చేశారు: "ఇసుర్రాయికి నడిమేకు అరిగినట్టే కదమ్మా." నిజమే. రాగులు విసిరేటప్పుడు మేకు అరిగితే పైరాయి గుండ్రంగా తిరగదు, పక్కకు జారుతుంది, పిండి ఒక పక్క మెత్తగా ఒక పక్క బరకగా వస్తుంది. ఇసుర్రాయికి ఒక్కటే మేకు. ట్రాక్టరు ముందు భాగంలో అలాంటివి ఏడెనిమిది. ఒక్కొక్కదాంట్లో వెంట్రుకంత సందు వుంటే చాలు, అన్నీ కలిసి చక్రం దగ్గరికి వచ్చేసరికి జానెడవుతాయి. పెట్టె బలాన్ని పెంచి ఇస్తుంది కదా, అదే లెక్కన ఆటనూ పెంచుతుంది. కింద ఇనుప చెయ్యి కొసన ఒక్క మిల్లీమీటరు సందు పైన మన చేతికి ఒకటిన్నర సెంటీమీటరు దాకా తెలుస్తుంది.

అందుకే అరిగింది ఎక్కడో పట్టుకోవాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు పైన కూచుని చక్రాన్ని కొద్దికొద్దిగా అటూ ఇటూ తిప్పాలి. ఇంకొకరు కింద చూడాలి. మెకానిక్కు ఒక్కడే వస్తాడు, తిప్పుతూ చూడలేడు, చూస్తూ తిప్పలేడు. మగవాళ్ళకు కింద కూచునే ఓపిక తక్కువ. బియ్యంలో రాయి, చింతపండులో గింజ, జాకెట్టులో వూడిన కుట్టు వెతికే కళ్ళు మనవి. ఆ కింద చూసే మనిషి మనమే అవుదాం.

ఒక ఆదివారం పొద్దున మా ఆయన్ని పైన కూచోబెట్టాను. ఇంజను ఆపించాను, చదునైన చోట నిలిపి వెనక చక్రాలకు ముందూ వెనకా రాళ్ళు పెట్టించాను. కొంగు నడుముకు బిగించి, జడ ముడి వేసుకున్నాను. బండి పక్కన, చక్రానికి ఎదురు కాకుండా కూచున్నాను. ముందు ప్రతి కీలునూ పాత గుడ్డతో తుడవాలి, మట్టి గ్రీజు కలిసి పేరుకుపోతే కదలిక కనిపించదు. తుడిచాక ఒక్కొక్క కీలు మీద వేలు ఆనించి పెట్టాను. వేలికి కంటికన్నా ముందు తెలుస్తుంది. సగం వేలు ఈ ముక్క మీద, సగం ఆ ముక్క మీద. రెండూ కలిసి కదిలితే మంచిదే. ఒకటి కదిలి రెండోది ఆలస్యంగా కదిలితే అక్కడే దొంగ. అయితే వేలు కీలు పైపైనే వుండాలి. కడ్డీకీ ఇరుసుకూ మధ్య, చెయ్యికీ చక్రానికీ మధ్య వుండే సందుల్లో పెట్టకూడదు, నలుగుతుంది.

"తిప్పండి... ఆపండి... మళ్ళీ తిప్పండి" అని నేనంటుంటే మా ఆయన మొదట నవ్వారు. డ్రాగ్ లింకు ముందు కొస దగ్గరికి వచ్చేసరికి నా వేలి కింద టక్కుమని కొట్టింది. "ఇక్కడ!" అన్నాను. ఆయన దిగి వచ్చి చూశారు. నన్ను పైన కూచోబెట్టి తిప్పమని తను వేలు పెట్టి చూశారు. ఇక నవ్వలేదు. గుండు గిన్నెలో కదలాడుతోంది, పైన రబ్బరు టోపీ చినిగిపోయి లోపలికి మట్టి పోయింది. అంతకన్నా భయం పుట్టించిందేమంటే, ఆ కీలు నట్టుకు వుండవలసిన స్ప్లిట్ పిన్ను లేదు. దాని బదులు ఎవరో ఎప్పుడో కట్టుతీగ దూర్చి మెలేశారు. స్ప్లిట్ పిన్ను చూడటానికి మన జడ పిన్నులాగే వుంటుంది, రూపాయల్లో వచ్చే వస్తువు. నట్టు వదులై వూడిపోకుండా కాపలా కాసేది అదే. నట్టు వూడిందంటే కడ్డీ కింద పడుతుంది, ఆపైన మీరు చక్రం ఎంత తిప్పినా టైరు తనకిష్టమొచ్చిన వైపు పోతుంది. చెరువు కట్ట మీద అది ఏ వైపో చెప్పనక్కర లేదు.

చేతిలో కెమెరా ఫోను వున్నవాళ్ళు ఈ కదలికను వీడియో తీసి పెట్టుకోండి. మెకానిక్కు "అదేం కాదక్కా" అన్నప్పుడు చూపించటానికి పనికొస్తుంది.

కింగ్ పిన్ను చూడాలంటే జాకీ కావాలి. గట్టి నేల మీద, ఇరుసు కింద జాకీ పెట్టి ఒక చక్రం లేపి, వెంటనే ఇరుసు కింద మందపాటి చెక్కదిమ్మ పెట్టాలి. ఒక్క జాకీని నమ్ముకుని బండి కిందికి దూరకండి, మీ వాళ్ళనూ దూరనివ్వకండి. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని లాగి తోసి చూడాలి. టకటకలాడితే రెండు కారణాలు. ఇక్కడా రెండో మనిషి కావాలి. ఇరుసు కొసలో నిలువు కడ్డీ కూడా వూగుతుంటే బుష్షు అరిగినట్టు. కడ్డీ కదలకుండా చక్రం ఒక్కటే వూగితే చక్రం బేరింగు వదులైనట్టు, అది బిగిస్తే సరిపోవచ్చు. చక్రాన్ని ఎడమా కుడీ పట్టుకుని వూపితే టక్కుమంటే టై రాడ్ కొసలు చూడాలి. మా బండికి ఎడమవైపు బుష్షు పూర్తిగా పోయింది. చెరువు కింద మడిలో దమ్ము చేసినప్పుడల్లా బురదనీళ్ళు అందులోకి పోతాయి. బురదంటే సన్న ఇసుకే కదా, సానరాయిలాగా అరగదీస్తుంది.

ఇంతవరకూ చూడటం. తరువాతది డబ్బు సంగతి, అది మీకు చెప్పనక్కర లేదు. చెనిక్కాయ ఇంకా భూమిలోనే వుంది, టమోటా ధర పడిపోయి వుంది, అబ్బాయి ఫీజు కట్టాలి. "పంట వచ్చాక చూద్దాం, ఇన్నేళ్ళు నడవలేదా" అన్నారు మా ఆయన. ఆ వారమంతా మా పొలంలో కలుపు. పక్కవూరి నుంచి పదిమంది ఆడవాళ్ళు వస్తున్నారు, వాళ్ళను పొద్దున తెచ్చి సాయంత్రం దించేది ఈ బండే. అందులో ఒకామె చంకలో బిడ్డతో వచ్చేది.

2018 జూన్ మీకు గుర్తుండే వుంటుంది. యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర కూలి ఆడవాళ్ళను తీసుకుపోతున్న ట్రాక్టరు మూసీ కాలువలో పడి పదిహేనుమంది చనిపోయారు, దాదాపు అందరూ ఆడవాళ్ళే. అది స్టీరింగు వల్లనే అయిందని నేను అనటం లేదు. ట్రాలీలో కూచున్నవాళ్ళకు పట్టుకోవటానికి ఏమీ వుండదు, బోర్లా పడితే తప్పుకోవటానికి దారి వుండదు అని అంటున్నాను. అసలు సరుకు ట్రాలీలో మనుషుల్ని ఎక్కించటం చట్టం ఒప్పుకోదు. ఒప్పుకోకపోయినా పల్లెల్లో ఎక్కుతూనే వున్నాం, ఆటోకు కూలిలో సగం పోతుంది కాబట్టి. మన బండి ఎక్కిన ఆడమనిషి తన ప్రాణాన్ని ఆ స్ప్లిట్ పిన్ను మీద పెట్టి కూచుంటుంది, ఆమెకు ఆ సంగతి తెలియదు. నాకు తెలిసింది. తెలిశాక వూరుకోవటం నా వల్ల కాలేదు.

మరుసటి రోజు పొద్దున తాళంచెవి నా దగ్గర పెట్టుకున్నాను. మాట పెరిగింది, దాచటమెందుకు. వాళ్ళ వూరికి నేనే నడిచి వెళ్ళాను. "ఏం పాపా, ఈ పొద్దు బండి రాదా?" అని అడిగింది పెద్దామె. "రాదత్తా, దానికి కాలు బాగలేదు. నడిచి పోదాం, నేనూ వస్తా" అన్నాను. గట్టు మీద దారిలో అందరం కబుర్లు చెప్పుకుంటూ వచ్చాం. పని గంట ఆలస్యమైంది, కూలి తగ్గించలేదు. అట్లా నాలుగు రోజులు. అయిదో రోజు మా ఆయన తనే చీటీపాట పాడి డబ్బు తెచ్చారు. ఆ సంగతి నాతో చెప్పలేదు, సామాన్ల సంచి తెచ్చి అరుగు మీద పెట్టారు.

బాల్ జాయింట్ కొత్తది వేయించాం, రబ్బరు టోపీతో సహా. కింగ్ పిన్నూ బుష్షులూ రెండు వైపులా మార్పించాం. ఒక వైపే మారిస్తే చాలదా అని అడిగాను. రెండూ ఒకే బురద తిన్నవి, రెండోది ఇంకో ఆరు నెలలు, అంతే అన్నారు. కొత్త బుష్షు దిగగొట్టాక లోపల పిన్నుకు సరిపోయేట్టు రీమరుతో సాపు చేయాలి, సుత్తితో కొట్టి దూర్చేస్తే బిగుసుకుపోతుంది. దానికి లేత్ షాపుకే పోవాలి. మా పక్కనే కోలారు బంగారు గనులు, 2001లో మూసేశారు కదా. అక్కడ పనిచేసి వచ్చిన ఒక పెద్దాయన పెట్టుకున్న లేత్‌కు పోయాం. ఆయన చెప్పిన మాట ఒకటి మా ఆయన చేత మూడుసార్లు అనిపించాను: స్టీరింగు చేతులకూ కడ్డీలకూ ఎప్పుడూ వెల్డింగు పెట్టకూడదు. పగులు వస్తే మార్చాలి, వంగితే మార్చాలి. వెల్డింగు పగులును కప్పేస్తుందే తప్ప అతికించదు, విరిగేది మాత్రం పక్కనే విరుగుతుంది. అన్నీ కలిపి అయిన ఖర్చు మూడు ముందు టైర్లంత.

టైర్లంటే గుర్తొచ్చింది. ముందు టైరు అరిగే తీరు చూస్తే బండి జాతకం తెలుస్తుంది. బయటి అంచులు రంపపు పళ్ళలాగా అరిగితే చక్రాలు ముందువైపు మరీ దగ్గరగా వాలినట్టు. లోపలి అంచులు అరిగితే ముందువైపు ఎడంగా వున్నట్టు. మామూలుగా ముందు కొలత వెనక కొలత కన్నా కొద్ది మిల్లీమీటర్లు తక్కువుండాలి. దీన్ని టో-ఇన్ అంటారు, ఎన్ని మిల్లీమీటర్లో బండి పుస్తకం చెబుతుంది. కొలవటం ఇంట్లో చేసుకోవచ్చు. చక్రాలు తిన్నగా పెట్టి, ఇరుసు ఎత్తులో రెండు టైర్ల ముందువైపు నడిమధ్యన సుద్దముక్కతో గీత పెట్టండి. గీత నుంచి గీతకు కొలవండి. బండిని మెల్లగా తోసి ఆ గీతలు వెనక్కి, అదే ఎత్తుకు వచ్చేట్టు చేసి, ఇంజను కిందుగా టేపు దూర్చి మళ్ళీ కొలవండి. కుట్టుమిషను టేపు తీస్తారేమో, వద్దు, అది సాగుతుంది. ఇనుప టేపు తీసుకోండి, రెండో కొసన పట్టుకోవటానికి మళ్ళీ మనమే. తేడా వస్తే టై రాడ్ గొట్టం తిప్పి సరిచేస్తారు. కీళ్ళన్నీ మార్చాకే ఈ కొలత. వదులు కీళ్ళతో కొలిస్తే ప్రతిసారీ ఒక కొత్త లెక్క వస్తుంది.

వంపు తిరిగేటప్పుడు లోపలి చక్రం బయటి చక్రం కన్నా ఎక్కువ తిరగాలట, లేకపోతే టైరు ఈడ్చుకుపోతుంది. ఈ ఏర్పాటు ట్రాక్టర్లకన్నా, కార్లకన్నా ముందుది. జర్మనీలో లాంకెన్‌స్పెర్గర్ అనే బండ్లు చేసే ఆయన గుర్రపు బండ్ల కోసం ఆలోచిస్తే, 1818లో లండన్‌లో ఆకర్‌మన్ అనే ఆయన దానికి పేటెంటు తీసుకున్నాడు. ఆలోచించినాయన పేరు పోయి పేటెంటు తీసుకున్నాయన పేరే నిలబడింది. కొన్ని ఇళ్ళలో వంట చేసేది ఒకరు, వడ్డించి మెప్పు పొందేది ఒకరు, అట్లా.

మీ బండి స్టీరింగు వదులు కాకుండా బరువుగా వుందనుకోండి, అది వేరే రోగం. ముందు గాలి చూడండి. ముందు టైర్లలో గాలి తక్కువైతే చేతులు పీకుతాయి, ఒకదానిలో తక్కువ ఇంకోదానిలో ఎక్కువ అయితే బండి ఒక పక్కకు లాగుతుంది. గాలి సరిగ్గా వుంటే గ్రీజు. కింగ్ పిన్ను ఎండిపోయినా బరువే. పెట్టెలో ఆయిలు కారిపోయినా బరువే, బండి కింద నేల మీద నల్లటి మరక వుందేమో ముగ్గు వేసేటప్పుడు చూడండి. ఇక ట్రాలీలో వెనకవైపు కన్నా ముందువైపు మరీ ఎక్కువ బరువు వేసినా, ట్రాలీని తగిలించవలసిన చోటు కన్నా ఎత్తులో తగిలించినా ట్రాక్టరు ముందు చక్రాలు తేలిపోతాయి. అప్పుడు స్టీరింగు చాలా తేలిగ్గా తిరుగుతుంది. అబ్బ ఎంత హాయిగా వుందో అనుకుంటారు, కానీ టైరు నేలను పట్టుకోదు, ఎక్కేటప్పుడు ముందుభాగం లేస్తుంది కూడా. వెనక చక్రాలకు రెండు బ్రేకు పెడళ్ళు వేరువేరుగా వుంటాయి కదా, పొలంలో మలుపు తిప్పటానికి ఒక్కటి తొక్కుతారు. రోడ్డెక్కే ముందు ఆ రెంటినీ కలిపే గొళ్ళెం వేయాలి. వేగంలో ఒక్క పెడలే తొక్కితే ఎంత మంచి స్టీరింగయినా బండిని నిలబెట్టలేదు. మా అబ్బాయి బండి తీస్తుంటే "గొళ్ళెం వేశావా" అని నేను గుమ్మంలోంచే అడుగుతాను. తలుపు సంగతి అనుకుంటారు పక్కింటివాళ్ళు.

గ్రీజు పని నేనే తీసుకున్నాను. దమ్ములో దిగిన రోజు సాయంత్రం తప్పకుండా, మామూలు రోజుల్లో వారానికొకసారి. నిప్పిలు మీద మట్టి తుడిచాకే గన్ను పెట్టాలి, లేకపోతే ఆ మట్టినే లోపలికి తోస్తాం. పాత నల్ల గ్రీజు బయటికి వచ్చి, కొత్త రంగు కనిపించేదాకా కొట్టాలి. ఎంత కొట్టినా రాకపోతే దారి మూసుకుపోయిందని అర్థం, నిప్పిలు విప్పి కిరసనాయిల్లోనో డీజిల్లోనో కడగాలి. తర్వాత చేతులకు చెంచాడు చెనిక్కాయ నూనె రాసి, గుప్పెడు చక్కెరతో రుద్ది, సబ్బుతో కడుక్కోండి, గోళ్ళ సందుల్లో నలుపు కూడా వదులుతుంది. చీరకు గ్రీజు అంటితే నీళ్ళు తగలనీయకుండా ముందు గిన్నెలు తోమే సబ్బు పొడిగా పట్టించి, కాసేపాగి వేడినీళ్ళతో వుతకండి. పట్టుచీర కట్టుకుని ఈ పనికి ఎవరూ పోరనుకోండి.

ఇప్పుడు మా బండి ఆట రెండు వేళ్ళంత. పెట్టె మరను లేత్ పెద్దాయన వదులు చేసి మొదట వున్న చోటికే తెచ్చాడు, బిగువు పోయింది. కట్ట మీద మా అబ్బాయి నడుపుతుంటే చక్రాల జాడ తాడు పరిచినట్టు వస్తోంది. సెంటర్ పిన్ను బుష్షు మాత్రం మిగిలింది. గతుకులో పడ్డప్పుడు ఇరుసు కొంచెం ముందుకూ వెనక్కూ కదులుతుంది, దానికి బండి ముందుభాగం మొత్తం ఎత్తి విప్పాలి, రెండు రోజుల పని. చెనిక్కాయ పెరికాక చేయిద్దామని మా ఆయన క్యాలెండరులో ఆ నెల మీద తనే పెన్నుతో రాసి పెట్టారు. అందాకా ట్రాలీలో ఎరువు, క్రేట్లు, నీళ్ళ డ్రమ్ములు. కలుపుకు వచ్చేవాళ్ళను పొద్దున ఆటోలో తెస్తున్నాం, ఛార్జీ మాదే. సాయంత్రం చల్లపడ్డాక వాళ్ళే నడిచి పోతామంటున్నారు, దారిలో మా గట్టు మీది కరివేపాకు కోసుకుపోవచ్చని.